ఆడవాళ్లు పాడని హెడ్‌ఫోన్

అది 2023 ఎండాకాలం. కడపలో ఏడురోడ్ల కూడలికి కాస్త లోపలగా, ఒక మందుల షాపుకూ చెప్పుల షాపుకూ మధ్య నా దుకాణం. హెడ్‌ఫోన్లు, స్పీకర్లు, మైకులు అమ్ముతాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, కొన్నేళ్లు ఒక సర్వీస్ సెంటర్లో రిపేర్లు చేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. అయినా గడప తొక్కిన ప్రతివాడూ నన్ను చూసి, నా వెనక అరల్లోకి తొంగిచూసి, "సార్ లేడామ్మా?" అని అడుగుతాడు. మా సార్ బ్యాంకులో పనిచేస్తాడని, హెడ్‌ఫోన్‌కు కుడేదో ఎడమేదో ఆయనకు తెలియదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇప్పుడు "నేనే సార్‌ని, చెప్పండి" అనేస్తున్నాను.

ఈ వ్యాపారంలో అనుమానం లేనివాళ్లు ఎక్కువ కాలం నిలబడరు. మార్కెట్లో ఫస్ట్ కాపీ అని ఒక సరుకు తిరుగుతుంటుంది. కంపెనీ పేరు అదే, డబ్బా అదే, సీలు కూడా అదే, లోపల మాత్రం నాసిరకం. అందుకని కొనేవాళ్లకు నా మీద అనుమానం. నాకు వాళ్ల మీద. నా డెమో పీసులన్నీ తీరిగ్గా చెవులకు పెట్టుకుని, ధరకు ఫోటో తీసుకుని, నా షాపు మెట్ల మీదే నిలబడి ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టుకున్న మహానుభావులున్నారు. అసలు పీసు కొనుక్కుపోయి, కొన్నాళ్లకు అదే డబ్బాలో నకిలీది పెట్టి తెచ్చి, పనిచేయడం లేదని నా మీదే కేకలేసినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఖరీదైన హెడ్‌ఫోన్ అడిగినవాణ్ని ముందు పైనుంచి కిందికి ఒకసారి చూస్తాను.

యేసురత్నాన్ని రెండుసార్లు చూశాను. యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా ఇస్త్రీ నలగలేదు కానీ చెవుల పక్క జుట్టులో, వాచీ పట్టీ సందుల్లో బూడిదరంగు దుమ్ము. వచ్చీ రాగానే కౌంటరు మీదున్న డబ్బా ఒకటి తీసుకుని, వేలి కణుపుతో టకటకా కొట్టి, తల వంచి విన్నాడు.

"ఏందన్నా, పుచ్చకాయనా కొట్టి చూసేదానికి?" అన్నాను.

"బండలు కోసేవాణ్ని మ్మా. కొట్టి ఇనంది ఏదీ కొనను" అన్నాడు నవ్వకుండా.

కమలాపురం దగ్గర ఒక పాలిషింగ్ యూనిట్‌లో రెండు కటింగ్ మిషన్లు లీజుకు తీసుకుని నడుపుతాడట. మన ఇళ్లలో పరిచే నల్లబండలు అక్కడే పలకలుగా తెగుతాయి. పలకను సుత్తితో కొడితే గంటలా మోగాలి, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం వినపడింది.

"దినమూ ఇనేదానికి గట్టి హెడ్‌సెట్టు కావాల. ఖర్చు సంగతి నువ్వు చూడొద్దు. మోసం చేస్తే మాత్రం ఊరుకోను" అన్నాడు.

ఏం వింటారో అడగకుండా నేను ఎవరికీ హెడ్‌ఫోన్ చూపించను. సినిమా పాటలకు ఒకటి, బస్సులో ప్రయాణాలకు ఒకటి, ఫోన్లో మాట్లాడటానికి ఒకటి సరిపోతాయి. ఆయన వినేది తమ చర్చి పాటలట. "ఒక పాట పెట్టన్నా, దాంతోనే అన్నీ వినిపిస్తా" అని చెయ్యి చాపితే, ఫోను చటుక్కున జేబులో పెట్టుకున్నాడు.

"అది సాక్ష్యం మ్మా. బయటోళ్లకు ఇనిపించేది కాదు."

నాకు వెంటనే అనుమానం వచ్చింది. కుర్చీ చూపించి కూర్చోబెట్టాను. ఫోను ఇవ్వలేదు గాని, కథ అంతా ఇచ్చాడు.

వాళ్ల చర్చిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. పాట ఎత్తేది యేసురత్నం. అంటే మొదటి చరణం ఆయన అందుకుంటే, సంఘమంతా వెనక పాడుతుంది. వాళ్ల నాన్న తర్వాత ఆ పని ఈయనకు వచ్చింది. ఈ మధ్య పాస్టరుగారి అల్లుడు కీబోర్డు, మైకులు, మిక్సర్ తెచ్చి పెట్టాడు. మిక్సర్ అంటే ఏ మైకును ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో చూసుకునే పెట్టె. అది వచ్చినప్పటినుంచి ఆడవాళ్ల గొంతు ఉండీ లేనట్టు అయిందని ఈయన ఫిర్యాదు. తన కీబోర్డు పైకి రావడానికి అల్లుడే వాళ్ల మైకు తగ్గిస్తున్నాడని అనుమానం. అల్లుడు కాదన్నాడు. మిక్సర్ నుంచి నేరుగా తీసిన రికార్డింగు ఫోన్లో వేసి ఇచ్చాడు. అందులో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు వచ్చేలా పెట్టానని కూడా చెప్పాడు. విన్నాడు ఈయన. ఆడవాళ్లు లేనే లేరు. "ఆ రోడ్డు పక్క ఇయర్‌ఫోన్లో యాడ ఇనపడతాది మామా, మంచిది కొనుక్కోని ఇను" అన్నాడట అల్లుడు.

"అందరి ముందరా మాటిచ్చినా మ్మా. దాంట్లో ఆడోళ్లు పాడుతుంటే ఈ జన్మలో పాట ఎత్తను. లేకుంటే వాడు ఆ పెట్టె వదిలి పోవాల. వచ్చే నెల మొదటి ఆదివారం పెద్దలు తేలుస్తారు."

"మరి వదిన ఏమంటుంది? ఆమె ఆ వరసలోనే కూర్చుంటుంది కదా?"

"సారమ్మనా? ముందర్నే కూచుంటాది. నేను పాడతాండా, నీకు ఇనపడకుంటే నేనేం జేసేది అంటాది. ఆ అల్లుడు ఆమెకు తమ్ముని కొడుకు వరస. అందుకే ఎనకేసుకొస్తాంది. ఇంట్లో మాటల్లేవిప్పుడు."

చెవిని పూర్తిగా కప్పే కప్పులున్నవాటిని ఓవర్ ఇయర్ అంటాం. అలాంటివి మూడు తీసి కౌంటరు మీద పెట్టాను. ఒకటి దరువు గట్టిగా కొడుతుంది. షాపులో వింటే ఆహా అనిపిస్తుంది, ఇంట్లో కాసేపటికే తలనొప్పి. రెండోది ఓపెన్ బ్యాక్, అంటే కప్పు వెనక జాలీ ఉంటుంది. పాట సహజంగా వస్తుంది కానీ ఇంట్లో వాళ్ల మాటలూ లోపలికి వస్తాయి. మూడోది క్లోజ్డ్ బ్యాక్, మెత్తటి ప్యాడ్లు, బయటి రొదను అణిచే నాయిస్ క్యాన్సిలేషన్. గొంతును ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. రోజూ వినడానికి మూడోదే తీసుకోమన్నాను. మొదటిదానికంటే దాని ధర తక్కువ.

"తక్కువ ధరది అంటగడతాండావంటే దాంట్లో ఏదో ఉండాది" అన్నాడు.

ఒళ్లు మండింది. అయినా వ్యాపారం కదా, నవ్వాను. డెమో పీసు ముట్టుకోనన్నాడు, పదిమంది చెమట పట్టిందట. సీలున్న డబ్బా తన కళ్ల ముందే కోయించాడు. నేనొక పాత పాట పెట్టాను. మామూలు పాటల్లో పాడేవాళ్ల గొంతు రెండు కప్పుల్లోనూ సమానంగా వస్తుంది. ఒక వైపు వినపడకపోయినా ఎవరికీ అంత తేడా తెలియదు. ఆయన కళ్లు మూసుకుని విని, బాగుందని తలూపాడు.

"దుడ్లు ఎట్లిస్తావన్నా? కార్డా?" అన్నాను.

"దుడ్లంటాండావే, మీది కర్నూలు పక్కనా?"

"కోడుమూరు."

"అదే అనుకున్యా" అన్నాడు, అది కూడా నా మీద ఒక నేరమైనట్టు.

ఆయన వెళ్లేముందు, పీసు మీదున్న సీరియల్ నంబరును ఎప్పటిలాగే ఫోటో తీసి పెట్టుకున్నాను. ఈ మనిషి మళ్లీ వస్తాడని నాకు గట్టిగా అనిపించింది.

వారం తిరక్కుండానే వచ్చాడు. షాపులో కాలేజీ పిల్లలిద్దరు మైకు బేరం చేస్తున్నారు. ఈయన గడపలోనుంచే, "డూప్లికేటు అమ్మినావు గదమ్మా నాకు!" అన్నాడు వీధంతా వినపడేలా. పిల్లలు మైకు అక్కడే పెట్టి జారుకున్నారు.

"గొంతు తగ్గించన్నా. ఏమైంది?"

"ఎడమ పక్క పలకడంల్యా. ఇంటికాడ ఇన్నా, మిషన్ కాడ ఇన్నా. ఆడోళ్లు లేరు. పోయి అల్లున్ని నిలదీస్తే, నీకెవరో ఫస్ట్ కాపీ అంటగట్టినారు మామా, ఎడమ కప్పు చచ్చినట్టుండాది అన్యాడు. నువ్వే ఇని చూడు అంటే, నేనేమన్నా నువ్వు నమ్మవు, అమ్మినోళ్లనే అడుగు అన్యాడు. ఇప్పుడు చెప్పు. దొంగ నువ్వా, వాడా?"

షాపు పెట్టినప్పటినుంచి నా దగ్గర అసలు సరుకే దొరుకుతుందన్న పేరు ఒక్కటే నా ఆస్తి. సీరియల్ నంబరు సరిచూశాను, కలిసింది. అయినా నమ్మలేదు. లోపలి డ్రైవర్ మార్చేశాడేమో. డ్రైవర్ అంటే కప్పు లోపలుండే చిన్న స్పీకరు. ప్యాడ్లు ఊడదీసి స్క్రూలు చూశాను, ఎవరూ ముట్టిన జాడ లేదు. చెవులకు పెట్టుకుని కుడి ఎడమల టెస్టు నడిపించాను. రెండు కప్పులూ శుభ్రంగా పలికాయి.

"రెండు పక్కలా పలుకుతాంది. ఇది అసలు సరుకే" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

ఆయన ముఖం వెలిగిపోయింది. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. డబ్బు వెనక్కి అడగడానికి వచ్చినవాడు సరుకు మంచిదంటే సంతోషిస్తాడా?

"అయితే దొంగ వాడే. ఆదివారం నువ్వు మా చర్చికి వచ్చి పెద్దల ముందర ఇదే మాట చెప్పాల" అన్నాడు.

"నేనెందుకన్నా?"

"చెప్పకుంటే దొంగవి నువ్వే అని నేను చెప్తా."

ఎటూ కదలనివ్వకుండా ఇరికించాడు. నా సరుకు మంచిదని చెబితే, ముఖం కూడా చూడని ఒక మనిషి ఊళ్లో దొంగైపోతాడు. చెప్పకపోతే నేనవుతాను. చెప్పేసి వస్తే పీడా పోతుందని కూడా ఒక క్షణం అనుకున్నాను. కానీ నా చెవులతో వినని దానికి హామీ ఇవ్వడం నాకు అలవాటు లేదు.

"ఆ పాట నాకు వినిపించు. వినకుండా నేను యాడికీ రాను."

చివరికి ఫోను తీసి, నా ముఖం మీదనుంచి చూపు తిప్పకుండా, పాట పెట్టాడు.

కుడి కప్పులో మగవాళ్లు. అందులో ఈయన గొంతు ముందు. ఎడమ కప్పులో ఆడవాళ్లు. నా పక్కనే కూర్చుని పాడుతున్నంత దగ్గరగా ఉన్నారు. గాజుల చప్పుడు వినపడింది. మధ్యలో ఎవరో దగ్గారు. అందరికంటే ఒక అడుగు ముందుగా, ఒక గట్టి గొంతు మిగతా వరసనంతా లాక్కుపోతోంది. మైకు తగ్గించిన జాడే లేదు.

హెడ్‌ఫోన్ తీసి అన్నాను. "ఆడోళ్లు పాడతాండారు కదన్నా. బ్రహ్మాండంగా పాడతాండారు."

ఆయన నిదానంగా లేచి నిలబడ్డాడు. "నువ్వూ కలిసిపోయినావా? నీకేమిచ్చినారు వాళ్లు?"

గెంటేద్దామనే, బయటికి రావడానికి కౌంటరు పక్క అడ్డచెక్క ఎత్తాను. ఎత్తాను గాని, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా షాపులో అబద్ధాలాడినవాళ్లను ఎందరినో చూశాను. వాళ్లు గొంతు పెంచుతారు, గడియారం చూస్తారు, వీడియో తీస్తామంటారు. ఈయన అవేమీ చేయలేదు. లోకమంతా ఒక్కటై తనను మోసం చేస్తోందని నిజంగా నమ్మిన మనిషిలా నిలబడ్డాడు.

మా పనిలో ఒక వైపు శబ్దం తగ్గితే మొట్టమొదట చేసేది, వైపులు మార్చి చూడటం. కుడి స్పీకరు తీగ ఎడమకు, ఎడమది కుడికి వేస్తాం. తప్పు స్పీకరుతో పాటు వెళితే తప్పు స్పీకరుది. ఉన్నచోటే ఉండిపోతే తప్పు ఇంకెక్కడో ఉంది. పెట్టెలకు, తీగలకు చేసేదే గాని మనిషికి చేయడం నాకెప్పుడూ తోచలేదు. ఆ రోజు తోచింది.

"అన్నా, ఒక్కసారి తిప్పి పెట్టుకో."

"తిప్పి ఏం మాయ జేస్తావు?"

నేనే హెడ్‌ఫోన్ తిప్పి ఆయన తలకు పెట్టాను. ఎడమ కప్పు కుడి చెవి మీదికి వచ్చింది. పాట నొక్కాను.

ఆయన ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు, ఎవరో లోపలికి వచ్చారనుకుని. ఎవరూ లేరు. చెయ్యి మెల్లగా కుడి కప్పు మీదికి పోయింది.

"సారమ్మ" అన్నాడు.

కాసేపయ్యాక తనే తీసి మామూలుగా పెట్టుకున్నాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ మామూలుగా. మామూలుగా పెడితే ఆడవాళ్లు లేరు, తిప్పితే మగవాళ్లు లేరు. తన గొంతు తనకే వినపడటం లేదు. ఎన్నిసార్లు తిప్పాడో నేను చూడలేకపోయాను. ఎవరి తప్పో తేల్చి నా పేరు కాపాడుకోవాలని అంతసేపూ తహతహలాడినదాన్ని, తేలేసరికి నాకు చాలా బాధేసింది. వాళ్లిద్దరిలో ఎవరో ఒకరు దొంగైనా బాగుండేదనిపించింది.

"హెడ్‌సెట్టు మంచిదే" అన్నాడు చివరికి. నీళ్లు అడిగి తాగాడు.

మిషన్ దగ్గర ఎలా నిలబడతావని అడిగాను. లేచి చూపించాడు. ఎడమ భుజం బ్లేడు వైపు పెట్టి, తల కాస్త వంచి. బ్లేడు రాయిలోకి దిగేటప్పుడు వచ్చే మోతలో తేడా పసిగడితే, పలక విరిగేముందే ఆపేయవచ్చట. పనివాళ్లను నమ్మడు, తనే నిలబడతాడు. చెవులు మూసుకునే మేస్త్రీని వాళ్ల పనిలో మేస్త్రీగా లెక్కే చేయరట. బాగా వినడం కోసం ఆ ఎడమ చెవినే ఇన్నేళ్లూ బ్లేడుకు ఇచ్చాడు. ఫోను మాత్రం ఎప్పుడూ కుడి చెవికే, కుడి చెయ్యి అలవాటు గనక. ఎడమది ఎప్పుడు పోయిందో ఎలా తెలుస్తుంది?

పక్క మందుల షాపు వాళ్లు చెప్పిన చెవి డాక్టరు దగ్గరికి పంపించాను. ఆడియోమెట్రీ అనే పరీక్ష చేశారు. గదిలో కూర్చోబెట్టి, ఒక్కో చెవికి ఒక్కో స్థాయిలో శబ్దం పంపి, ఎంతవరకు వినపడుతుందో చూస్తారు. ఎడమ చెవి నరం దెబ్బతిన్నదని, తిరిగి రాదని, కుడిదాన్నైనా కాపాడుకోమని చెప్పారు. ఆయన సాయంత్రం వచ్చి ఆ సంగతి నాకు చెప్పి, గొంతు తగ్గించి, "ఆ డాక్టరు నమ్మకస్తుడేనా?" అని అడిగాడు. ఇంకొకరికి చూపించుకోమన్నాను. ఆ ఇంకొకరూ అదే చెప్పారు.

ఆదివారం రమ్మని ఆయన మళ్లీ అడగలేదు. అయినా కమలాపురం బస్సెక్కాను. తన చెవి సంగతి దాచుకుని నా సరుకు మీదికి తోసేస్తాడేమోనని నాకింకా అనుమానమే. ఆడవాళ్ల వైపు వెనక చాప మీద కూర్చున్నాను. మిక్సర్ ముందు కూర్చున్న అల్లుడి ముఖం ముడుచుకుని ఉంది. ప్రార్థన అయ్యాక ఒక పెద్దాయన లేచి, "ఏమప్పా యేసురత్నం, ఇన్యావా?" అని అడిగాడు.

యేసురత్నం లేచాడు.

"ఇన్యా. పెట్టె బాగుండాది. హెడ్‌సెట్టూ బాగుండాది, అమ్మినామె మంచిదే ఇచ్చింది. ఆడోళ్లు పాడతానే ఉండారు. నా ఎడమ చెవి పోయింది. నాకు తెలీక అల్లున్ని శానా మాటలన్యా. క్షమించప్పా." కాస్త ఆగి, "నేనిచ్చిన మాట ఉండాది గదా. ఇంక పాట ఎత్తను" అని, ముందు వరస వదిలి మగవాళ్ల వెనక్కి పోయి కూర్చున్నాడు.

పాట మొదలుకావాలి. పాస్టరుగారు మగవాళ్ల వైపు చూశారు. ఎవరూ లేవలేదు. అల్లుడు కీబోర్డు మీద చెయ్యి పెట్టి తీసేశాడు. అప్పుడు ఆడవాళ్ల ముందు వరసలో ఒకామె నిలబడింది. నోరు విప్పగానే గుర్తుపట్టాను, ఎడమ కప్పులో విన్న గట్టి గొంతు.

"ఆడ ఎనక కూచుంటే నీకు యాడ ఇనపడతాది? ఈ గోడ కాడికొచ్చి నిలబడి పాట ఎత్తు, ఆ మాట సంగతి ఆపైన చూద్దాం. మేమంతా నీ కుడి చెవి పక్కకు వస్తాం" అంది సారమ్మ.

ఆడవాళ్ల వైపు మగవాళ్లు నిలబడటం ఆ చర్చిలో లేదు. పెద్దాయన ఏదో అనబోయి ఊరుకున్నాడు. గోడ పక్కనున్న ఆడవాళ్లు చాపలు జరుపుకున్నారు. యేసురత్నం లేచి, నడిమి దారి దాటి, ఎడమ గోడ దగ్గరికి వచ్చాడు. పాట ఎత్తాడు. మొదటి చరణం అయిపోయి ఆడవాళ్లంతా ఒక్కసారిగా అందుకునేసరికి, ఆయన గొంతు ఆగిపోయింది. గోడకు చెయ్యి ఆనించి వింటూ నిలబడ్డాడు. వాళ్లు ఆపలేదు. రెండో చరణానికి మళ్లీ కలిశాడు.

అనుమానం మానుకోవాలని ఆ కేసు నాకు నేర్పలేదు. మానుకుంటే షాపు మూసుకోవాల్సిందే. వస్తువును అనుమానించాను, కొన్నవాణ్ని అనుమానించాను, వస్తువుకూ మనిషికీ మధ్య తప్పు ఉండవచ్చని మాత్రం నాకు తట్టలేదు. అందుకే ఇప్పుడు ఎంత తొందరలో ఉన్నవాళ్లకైనా హెడ్‌ఫోన్ ఒకసారి మామూలుగా, ఒకసారి తిప్పి పెట్టి వినిపిస్తాను. చాలామంది నవ్వుతారు. కొందరు ఇందులో ఏదో మోసముందని నన్నే అనుమానిస్తారు. ఎప్పుడో ఒకసారి మాత్రం ఎవరో ఒకరు నవ్వకుండా, మాట్లాడకుండా, తిప్పి తిప్పి పెట్టుకుంటూ ఉండిపోతారు. వాళ్లకు ఆ రోజు నేనేమీ అమ్మను.